రాసుకోవడం

జిల్డెతీ, తలుపు తియ్యి. నేనే, మారినాల్వాని.
నాలుగు రోజులైంది నువ్వు సముద్రపు గట్టున కనపడక.
బొండాలమ్మే సెవెరీనో తేల్చేశాడు:
"ఆ పిల్లకి ఓపిక లేదు."
నేనేం మాట్లాడలేదు.
ఆఖరి రోజు నువ్వు ఇంటికెళ్ళిన తీరు చూశాను,
కాళ్ళు ఎడం చేసుకుని,
మధ్యలో ఎవరో కుంపటి పెట్టినట్టు.
ఓపిక లేనివాళ్ళు అలా నడవరు.
బస్సెక్కుతారు.

కూర్చో. కాదులే, నిలబడే విను.

నాకు యాభై మూడేళ్ళు, నూట పద్దెనిమిది కిలోలు.
నా తొడలు ఊహ తెలిసినప్పటినుంచీ
ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉన్నాయి,
ఇరుకింట్లో అక్కచెల్లెళ్ళలా.
విడదీయాలని చూశాను:
ఉపవాసాలు, నిమ్మరసాలు,
సంతలో ముసలాయన కట్టిచ్చిన చేదాకుల కషాయం.
విడిపోలేదు.
సరే, కలిసే ఉండండి అన్నాను,
తోలూడేలా మాత్రం కొట్లాడుకోకండి.

డాక్టరు నడవమన్నాడు కదూ?
ఎంతసేపో చెప్పాడు, వారానికి ఎన్నాళ్ళో చెప్పాడు.
దీని సంగతి చెప్పలేదు.
పాపం, ఆయన తొడలకి
ముఖపరిచయం కూడా ఉన్నట్టు లేదు.

మా అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని
ఒలిండా మెట్టలన్నీ ఎక్కి దిగేది.
తెల్లారకముందే, దీపం వెలిగించకుండా,
మొక్కజొన్న పిండి డబ్బా తీసి
గోడవైపు తిరిగేది. పావడా అంచు పైకి లేచేది.
నేల మీద తెల్లటి దుమ్ము.
అమ్మ గంజి దాచుకుని తాగుతోందని
నేనూ తమ్ముడూ అనుకునేవాళ్ళం.
పన్నెండో ఏట, బడి నుంచి ఏడుస్తూ వచ్చిన రోజు
ఆ డబ్బా నా చేతికిచ్చింది. ఒక్క మాట చెప్పలేదు.
మా ఇంట్లో ఆడవాళ్ళకి అదే ఆస్తి పంపకం.

నేను నోరు విప్పి చెబుతున్నాను.
మండాక కాదు, బయల్దేరే ముందే రాసుకోవాలి.
ఒళ్ళు పూర్తిగా ఆరాక, వేలి నిండా వాజలీను:
తొడల లోపల, పొట్ట మడత కింద,
రొమ్ముల కింద, చంకల్లో.
సిగ్గుపడే చోటల్లా రాసుకో,
చెమట సిగ్గు చూసి ఆగదు.
ఇంటికి రాగానే తడిబట్టలు విప్పెయ్.
పక్కింటి ఫోను కబుర్లు తర్వాత.

ఇవాళ మాత్రం ఇవేవీ వద్దు. పచ్చి పుండు మీద పిండి చల్లకు,
మా అమ్మకి తెలియనిది అదొక్కటే.
చల్లటి నీళ్ళు పోసుకో, తువ్వాలుతో రుద్దకు, అద్దు.
గొళ్ళెం వేసుకుని ఫ్యాను కింద
కాళ్ళు బారచాపి పడుకో.
ఎర్రదనం ఎక్కువైనా, చీము పట్టినా
ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళు,
ఈసారి చూపించు. ఆయనా నేర్చుకుంటాడు.

ఇదిగో, సంచిలో ఉంది నీదే.
బడి యూనిఫారాలు కుట్టగా మిగిలిన లైక్రా.
నీ కొలతలు నేనెప్పుడు రాసుకున్నానంటావా?
రాసుకోలేదు. వెనకాల నడుస్తూ
కంటితో తీసుకున్నాను, ముప్ఫై ఏళ్ళ కుట్టు పని మరి.
మోకాలికి జానెడు పైదాకా వస్తుంది, పైకి చుట్టుకోదు.
మధ్య కుట్టే లేదు, అక్కడ వజ్రం ఆకారంలో ముక్క వేశాను.
పక్క కుట్లు బయటికి తిప్పాను,
లోపల నీకు తగిలేది బట్ట నునుపే.

గురువారానికి మానితే గురువారం రా,
లేకపోతే ఆపై గురువారం.
ఐదింటికి, ఎండ లేవకముందు.
సెవెరీనో బండి దాకా వెళ్ళి వెనక్కి వద్దాం, అంతే.
వాడు నిన్ను చూసి పళ్ళికిలించి
"నిక్కరు తిరగేసి వేసుకున్నావే" అంటాడు.

అవునను.